సన్నాలా, దొడ్డు వడ్లా: చిన్న వయసు కాన్పుల మీద పరిణామశాస్త్రం చెప్పేదేమిటి

మాఘమాసం వస్తే పాలమూరు, నల్లగొండ జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పదు: "బాల్య వివాహాన్ని అడ్డుకున్న అధికారులు". ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తారు. ఐసీడీఎస్ సూపర్‌వైజరు, పోలీసులు వస్తారు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా పెళ్లి చేయనని తండ్రి చేత కాగితం రాయించుకుంటారు. వండిన అన్నం ఎలాగూ వండారు కాబట్టి చుట్టాలు తినేసి పోతారు. వార్త చివర "తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ ఇచ్చారు" అని ఉంటుంది.

కౌన్సెలింగ్ అన్నప్పుడే మనం ఒకటి అనుకుంటున్నాం: వాళ్లకు తెలియక చేస్తున్నారు, తెలిస్తే చేయరు. పదహారేళ్ల పిల్లకు కాన్పు ప్రమాదమని, చదువు ఆగుతుందని చెబితే చాలని. పరిణామశాస్త్రం చదివిన వాళ్లు ఇక్కడే ఆగి అడుగుతారు, వాళ్లకు అంతా తెలిసే చేస్తుంటే? వాళ్ల చుట్టూ ఉన్న పరిస్థితిలో ఆ తొందరకు ఒక లెక్క ఉంటే? చాలామందికి మింగుడుపడని ప్రశ్న ఇది. అయినా లెక్కేమిటో చూడకుండా కొట్టిపారేయడం కుదరదు.

ఏ అంకె దేన్ని లెక్కపెడుతుంది

ముందు అంకెల చిక్కు విడదీసుకోవాలి. మన చర్చల్లో రెండు వేర్వేరు లెక్కలు కలిసిపోతుంటాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లను "మీ పెళ్లి పద్దెనిమిది లోపే అయిందా" అని అడుగుతుంది. 2019-20 సర్వేలో తెలంగాణలో ఇలా అయిందన్నవాళ్లు 23.5 శాతం. అంటే నలుగురిలో దాదాపు ఒకరు. రెండో లెక్క 15 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో సర్వే నాటికే తల్లులైనవాళ్లది, గర్భంతో ఉన్నవాళ్లది. తెలంగాణలో ఇది 5.8 శాతం. అంతకుముందు 2015-16లో 10.6 ఉండేది.

మొదటి అంకె కొన్నేళ్ల కిందటి పెళ్లిళ్ల గురించి చెబుతుంది, రెండోది సర్వే నాటికే తల్లులైన, కడుపుతో ఉన్న పిల్లల గురించి. పైగా రెండోదాంట్లో చట్టప్రకారం పెళ్లయిన పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల వాళ్లు కూడా ఉన్నారు. "టీనేజ్ గర్భం" అంటే అంతా నేరమే అనుకుంటే తప్పు, అంతా మామూలే అనుకున్నా తప్పు.

ఇంకో తేడా మరీ ముఖ్యం. ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో ఈ మాట అంటే ఎక్కువగా పెళ్లి కాని పిల్ల గుర్తొస్తుంది. దేవరకొండలోనో కొడంగల్‌లోనో పెళ్లయి అత్తగారింట్లో ఉన్న పిల్ల గుర్తొస్తుంది. సిద్ధాంతం పుట్టింది అక్కడి పిల్లను చూసి. దాన్ని ఇక్కడికి తెచ్చుకుంటే కొన్ని అతుకులు తప్పవు.

చివరి ఆయకట్టు రైతు లెక్క

సిద్ధాంతం పేరు లైఫ్ హిస్టరీ థియరీ. తెలుగులో జీవితక్రమ సిద్ధాంతం అనుకుందాం. విషయం మన రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సాగర్ ఎడమ కాల్వ చివరి భూముల రైతు నాటు వేసే ముందు డ్యామ్‌లో నీటిమట్టం చూస్తాడు. 590 అడుగులకు నిండితే నూట యాభై రోజుల సాంబ మసూరి సన్నాలు వేసే ధైర్యం చేస్తాడు. నీళ్లు వస్తాయో రావో అన్న అనుమానం ఉంటే నూట ఇరవై రోజుల్లో చేతికొచ్చే పది పది రకం, దొడ్డు వడ్లు వేసుకుంటాడు. సన్నాలకు ధర ఎక్కువని అతనికి తెలియదా? తెలుసు. ఆఖరి తడి అందకపోతే ఆ ధర ఎవరికి కావాలి?

ఏ ప్రాణికైనా ఒంట్లో ఉన్న శక్తి ఇంతే అని ఉంటుంది. దాన్ని పెరగడానికి వాడాలా, పిల్లల్ని కనడానికి వాడాలా, ఎప్పటినుంచి వాడాలి? రేపు మీద నమ్మకం ఉన్నచోట ఆగితే లాభం. ఒళ్లు గట్టిపడుతుంది, చదువు అబ్బుతుంది, పుట్టే బిడ్డకు ఎక్కువ ఇవ్వొచ్చు. చావు దగ్గర్లో తిరుగుతున్నచోట ఆగడమే ప్రమాదం. ఇదంతా కూర్చుని కాగితం మీద వేసే లెక్క కాదు. చుట్టూ కనిపించే గుర్తుల్ని బట్టి శరీరం, మనసు, ఆ కులం కట్టుబాట్లు తరాల తరబడి అటు ఒరుగుతాయన్నది వాదన.

షికాగో పేటల్లో దొరికిన పోలిక

మార్గో విల్సన్, మార్టిన్ డేలీ అనే ఇద్దరు పరిశోధకులు 1997లో షికాగో నగరంలోని 77 పేటల్ని పోల్చి చూశారు. మగవాళ్ల సగటు ఆయుర్దాయం ఒక పేటలో 54 ఏళ్లు, ఇంకో పేటలో 77. ఒకే ఊరు, మధ్యలో ఇరవై మూడేళ్ల తేడా. ఆయుష్షు బాగా తక్కువున్న పేటల్లో కాన్పయిన తల్లుల మధ్యస్థ వయసు 22.6, ఎక్కువున్న పేటల్లో 27.3. త్వరగా పోయేచోట త్వరగా కంటున్నారు.

అంతకు కొన్నేళ్ల ముందే ఆర్లీన్ జెరోనిమస్ అనే ఆరోగ్య పరిశోధకురాలు ఇంకో మెట్టు పైకి వెళ్లారు. ఏళ్ల తరబడి పేదరికం, వివక్ష మోసిన ఒళ్లు వయసుకు ముందే అరిగిపోతుందన్నారు. వానకూ ఎండకూ నానిన తలుపు చెక్కలాగా. అమెరికాలోని నల్లజాతి పేద స్త్రీకి ఇరవై ఐదు వచ్చేసరికే బీపీ, షుగరు లాంటివి మొదలవుతుంటే, ఆమె కాన్పుకు మంచి వయసు, డబ్బున్న స్త్రీకి మంచి వయసు ఒకటే ఎలా అవుతుంది? పైగా పిల్లను చూసుకునే అమ్మమ్మ కూడా బతికి, నడిచే స్థితిలో ఉండాలి కదా.

మర్రిగూడ వైపు ఒక లెక్క

ఆ చివరి మాట దగ్గర నాకు మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఊళ్లు గుర్తొచ్చాయి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటే, అంతకు కొన్ని రెట్లున్న నీళ్లు తరాల పాటు తాగిన ఊళ్లు. పళ్లు గారపట్టడం చిన్న సంగతి. బొక్కలు గట్టిపడి, మోకాళ్లు ముడుచుకుపోయి, నడివయసులోనే నడుము వంగిపోయిన మనుషులు అక్కడ ఇంటింటి కథ.

మూడు తరాల లెక్క వేద్దాం. ఇది సర్వే కాదు, ఉదాహరణ మాత్రమే. ఒక ఇంట్లో తల్లి పదిహేడుకు కన్నది, కూతురూ పదిహేడుకే కన్నది. అమ్మమ్మకు అప్పటికి 34. మనవరాలికి పదేళ్లు వచ్చేదాకా ఆమె చంకనెత్తుకోగలదు, 44 వరకు. ఇంకో ఇంట్లో రెండు తరాలూ ఇరవై నాలుగు దాకా ఆగాయి. అమ్మమ్మ అయ్యేసరికి 48. మనవరాలికి పదేళ్లు వచ్చేసరికి 58.

మంచినీళ్లున్న ఊళ్లో రెండో ఇల్లే మెరుగు. అదే నలభై ఐదుకు మోకాళ్లు పట్టేసే ఊళ్లో అయితే? మొదటి అమ్మమ్మ తన పని ముగించుకున్నాక మంచానపడుతుంది. రెండో అమ్మమ్మ పని మొదలే కాదు, ఆమెనే ఒకరు చూసుకోవాలి. అలాంటి ఊళ్లో "కాళ్లు చేతులు ఆడంగనే పిల్ల పెండ్లి చేసి బరువు దింపుకుంట" అన్న తండ్రి మాటలో కౌన్సెలింగ్‌తో పోయే అజ్ఞానం ఎంత, ఒంటికి తెలిసిన లెక్క ఎంత? ఈ లెక్కన కృష్ణా నీళ్లు నల్లా దాకా తెచ్చిన మిషన్ భగీరథ కూడా ఒక రకంగా పెళ్లి వయసు పథకమే. ఆ కోణంలో ఎవరూ చెప్పలేదు కానీ.

వలస వెళ్లిన తండ్రి, ఇంట్లో మిగిలిన పిల్ల

సిద్ధాంతంలో ఇంకో శాఖ ఉంది. చిన్నప్పుడు తండ్రి ఇంట్లో లేని పిల్లలు, గొడవల మధ్య పెరిగిన పిల్లలు త్వరగా పెద్దమనిషి అవుతారని, త్వరగా తల్లులవుతారని జే బెల్స్కీ, ఆయన సహచరులు 1991లో రాశారు. తర్వాతి పరిశోధనల్లో ఆ సంబంధం కనిపించింది కానీ అనుకున్నంత గట్టిగా కాదు. తల్లికి త్వరగా ఈడొస్తే కూతురికీ రావడం రక్తంలోనే ఉండొచ్చన్న అభ్యంతరం ఇప్పటికీ బతికే ఉంది.

పాలమూరులో తండ్రి లేకపోవడం అంటే అర్థం వేరు. అతను వదిలేసి పోలేదు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణెకో ముంబైకో పోయాడు, చాలాసార్లు తల్లి కూడా వెంట పోయింది. పిల్ల అవ్వ దగ్గరుంటుంది. పదో తరగతి అయిపోతుంది. ఆ తల్లుల దగ్గర నేను విన్న మాట ఒకటే, కాస్త అటూ ఇటూగా: "ఈడొచ్చిన పిల్లను ఇంట్ల ఇడిసిపెట్టి ఎట్ల పోదుం సారూ? కొంగుకు కట్టుకొని బొంబాయి పోతనా?"

ఇక్కడ పిల్ల ఒంట్లో ఏ తొందరా లేదు. తొందరంతా పెద్దవాళ్ల భయంలో ఉంది.

లెక్క వేసేది ఒకరు, మోసేది ఒకరు

పరిణామ వాదాన్ని మన దగ్గర వాడుకునేవాళ్లు తరచూ జారిపోయేది ఇక్కడే అని నా ఉద్దేశం. పది పది వేసిన రైతు తన పొలంలో తన నష్టం తాను భరిస్తాడు. పిల్ల పెళ్లిలో నిర్ణయం తండ్రిది, కాన్పు పిల్లది.

దీనికి పరిణామశాస్త్రంలోనే జవాబుంది. తల్లిదండ్రుల ప్రయోజనం, బిడ్డ ప్రయోజనం ఒకటి కావని రాబర్ట్ ట్రివర్స్ 1974లోనే సిద్ధాంతీకరించాడు. తండ్రికి పిల్లలందరూ సమానం, అందరి మీదా కలిపి లెక్క చూస్తాడు. పిల్లకు తన జీవితం ఒక్కటే ఉంది.

మన ఊళ్లలో దీనికి అద్దం లాంటిది "ఒకే పందిట్లో రెండు పెళ్లిళ్లు". పెద్దమ్మాయికి పందొమ్మిది, సంబంధం కుదిరింది. చిన్నమ్మాయికి పదిహేను. విడివిడిగా చేస్తే విందు, టెంటు, బట్టలు అన్నీ కలిపి ఒక్కో పెళ్లికి మూడు లక్షలు అనుకుందాం. ఒకే పందిట్లో చేస్తే రెండింటికీ కలిపి మూడున్నర. అంటే రెండున్నర లక్షల అప్పు తప్పింది. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు ఐదు వేల రూపాయల వడ్డీ మిగిలినట్టు. తండ్రి లెక్కలో ఇది తెలివైన పని, తమ్ముడి చదువుకూ ఆసరా. చిన్నమ్మాయి లెక్కలో ఇంటర్ పోయింది, మూడేళ్ల ఎదుగుదల పోయింది. ఆమె లెక్క ఎవరూ అడగలేదు. తెలివితక్కువతనంగా కనిపించేది ఒకరికి లాభమూ ఇంకొకరికి నష్టమూ అయిన బేరమని గుర్తించకపోతే, "వాళ్ల పరిస్థితిలో అదే సరైనది" అన్న మాట తండ్రి తరఫు వకాల్తా అయిపోతుంది.

ఒళ్లు ఏమంటుంది

ఈడు రావడం కాన్పుకు సిద్ధం కావడం కాదు. ఎత్తు పెరగడం దాదాపు ఆగాక కూడా కటి ఎముక వెడల్పవుతూనే ఉంటుంది. ఇరవై ఐదు, ముప్పై ఏళ్ల మధ్యే కాన్పుకు అన్నిటికంటే అనువైన రూపం వస్తుందని ఎముకల కొలతల మీద 2016లో వచ్చిన పరిశోధన చెప్పింది. పదహారేళ్ల తల్లి ఒంట్లో పెరిగే తల్లి, పెరిగే బిడ్డ ఒకే కంచంలో తింటారు. తెలంగాణలో ఆ వయసు పిల్లల్లో పదిమందికి ఆరుగురికి పైగా రక్తహీనత ఉంది. కంచంలోనే లేదు, ఇద్దరికీ ఎక్కడినుంచి వస్తుంది?

ఇక్కడ సిద్ధాంతానికి ఒక మెలిక కూడా పడుతుంది. కష్టం ఈడును ముందుకు తెస్తుందన్నారు కదా, తిండిలేమి మాత్రం దాన్ని వెనక్కి నెడుతుంది. రెండూ ఒకే ఇంట్లో ఉంటే ఏది గెలుస్తుంది? తిండి మెరుగుపడ్డకొద్దీ ఈడు ముందుకొచ్చిందనే చాలా దేశాల అనుభవం. అంటే పేదరికం తగ్గుతున్న దశలో పిల్ల పదకొండు, పన్నెండుకే పెద్దమనిషి అవుతుంది, ఓణీల ఫంక్షన్ అవుతుంది, ఊరికి కబురు చేరుతుంది. "గుండెల మీద కుంపటి" రెండేళ్ల ముందే రాజుకుంటుంది.

సిద్ధాంతానికి లొంగని సంగతులు

మొదటిది మన ఆపరేషన్. త్వరగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువమందిని కంటారన్నది జీవితక్రమ సిద్ధాంతం ఆశించేది. తెలంగాణలో ఒక్కో స్త్రీకి పిల్లల సగటు 1.8. పెళ్లయిన స్త్రీలలో అరవై శాతం దాకా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. పదిహేడుకు మొదలుపెట్టి ఇరవై మూడు, ఇరవై నాలుగుకల్లా ఇద్దరితో ఆపేస్తే అది ఎక్కువమందిని కనే ఆరాటం ఎలా అవుతుంది? ఇక్కడి తొందర కాన్పు కోసం కాదు, పెళ్లి కోసం. కాన్పు దాని వెంట వస్తుంది. పెళ్లి తొందరకు కట్నం, పరువు, పని అనే వేర్లున్నాయి. మహారాష్ట్ర చెరుకు కోతలో భార్యాభర్తల జంటను కలిపి ఒక "కోయతా", అంటే ఒక కత్తి కింద లెక్కిస్తారు. ఒంటరి కుర్రాడికంటే జంటకు అడ్వాన్సు ఎక్కువ. అలాంటిచోట పెళ్లి అంటే కూలి కార్డు.

రెండోది వేగం. అమెరికాలో 1991లో 15-19 ఏళ్ల వెయ్యిమందికి 61.8 కాన్పులుండేవి, 2020కి 15.4కి పడ్డాయి. ఇంగ్లండ్‌లో 18 ఏళ్ల లోపు గర్భాలను 2010కల్లా సగానికి తగ్గిస్తామని 1999లో ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. 2010కి తగ్గింది నాలుగో వంతే, 2014కి మాత్రం సగం దాటింది. ఆ నాలుగేళ్లలో అక్కడి పేదల బతుకులేమీ బాగుపడలేదు, ఆర్థిక మాంద్యం తర్వాతి కాలం అది. గర్భనిరోధకాలు అందడం, కుర్రాళ్ల జీవితాలు ఫోన్లలోకి మారడం లాంటివి పనిచేశాయంటారు. చుట్టూ ఉన్న పరిస్థితే అంతా నిర్ణయిస్తే ఇది జరగకూడదు.

మూడోది, ప్రకృతిలో ఉంది కాబట్టి మంచిదే అనే జారుడు బండ. జెరోనిమస్‌ను అప్పట్లో చాలామంది విమర్శించింది ఈ భయంతోనే. ఒక పని ఎందుకు జరుగుతుందో చెప్పడం వేరు, జరగనివ్వమనడం వేరు. మలేరియా ఎలా వ్యాపిస్తుందో చెప్పేవాడు దోమ పక్షం కాదు.

లెక్క మార్చే పథకాలు

పథకాలను ఈ కళ్లతో చూస్తే కొన్ని వింతలు బయటపడతాయి. ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం డబ్బిచ్చే కల్యాణలక్ష్మి 2014 అక్టోబర్ 2న 51 వేలతో మొదలైంది, 2018కి 1,00,116 రూపాయలైంది. పిల్లకు పద్దెనిమిది నిండి ఉండాలన్నది షరతు. పై ఉదాహరణలో పెట్టి చూడండి. చిన్నమ్మాయిని మూడేళ్లు ఆపితే లక్ష వస్తుంది, ఒకే పందిట్లో చేస్తే రెండున్నర లక్షలు మిగులుతుంది. పైగా పెళ్లి అప్పు ముందు చేయాలి, చెక్కు తర్వాత వస్తుంది. అటూ ఇటూ ఊగే తండ్రిని పథకం ఆపగలదు, పందిరి ఖర్చు చూసుకున్నవాణ్ని ఆపలేదు. ఇంకో ప్రశ్న: డబ్బు పెళ్లికి ముడిపడి ఉంది కాబట్టి పద్దెనిమిది అనేది గీత అవుతుందా, ముహూర్తం అవుతుందా? హర్యానా 1994లో ఆడపిల్ల పుట్టగానే బాండ్ ఇచ్చి, పద్దెనిమిది దాకా పెళ్లి కాకపోతే డబ్బు తీసుకోమంది. తర్వాతి మదింపులో తేలిందేమిటంటే, పద్దెనిమిది రాగానే పెళ్లిళ్లు జోరందుకున్నాయి. ఆ డబ్బును కట్నం సొమ్ముగానే చూశారు.

బంగ్లాదేశ్‌లో చేసిన ప్రయోగం నాకు మరీ నచ్చింది. పెళ్లి కాకుండా ఉన్న పిల్లల ఇళ్లకు పద్దెనిమిది దాకా వంటనూనె ఇచ్చారు. సంవత్సరానికి వెయ్యి రూపాయల పైచిలుకు విలువ. బాల్య వివాహాలు దాదాపు ఐదో వంతు తగ్గాయి. ఇంకొన్ని ఊళ్లలో పిల్లలకు హక్కులు, ఆరోగ్యం మీద తరగతులు పెట్టారు. చదువు మెరుగుపడింది కానీ పెళ్లిళ్లు ఆగలేదు. కౌన్సెలింగ్ మీద అంత నమ్మకం ఉన్న మనకు ఇది కాస్త చేదు. తేడా ఎక్కడుంది? నూనె నాలుగు నెలలకోసారి వస్తుంది, పెళ్లి ఖర్చుతో సంబంధం లేదు, పైగా "ఇంకా సంబంధం రాలేదా, పిల్లలో ఏదైనా లోపమా" అనే ఇరుగుపొరుగుకు ఒక జవాబు దొరికింది: నూనె కోసం ఆపాం.

ఢిల్లీ చుట్టుపక్కల పల్లెల్లో ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ చేసింది ఇంకా సూటిగా ఉంది. కాల్ సెంటర్ ఉద్యోగాలకు మనుషుల్ని తీసుకునేవాళ్లను కొన్ని ఊళ్లకు మూడేళ్ల పాటు పంపారు. పెళ్లి గురించి ఒక్క మాటా చెప్పలేదు. ఆ ఊళ్లలో 15-21 ఏళ్ల అమ్మాయిల్లో పెళ్లి, కాన్పు ఐదారు శాతం పాయింట్లు తగ్గాయి. డ్యామ్‌లో నీళ్లు కనిపించాయి, సన్నాలు వేశారు.

మన దగ్గర అలాంటి నీళ్లు కొన్ని ఉన్నాయి. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, గురుకులాలు వలసపోయే తల్లి భయానికి నేరుగా జవాబు. కొంగుకు కట్టుకోనక్కర్లేదు, పిల్ల హాస్టల్లో ఉంది. 2023 డిసెంబర్‌లో మొదలైన ఆడవాళ్ల ఉచిత బస్సు మండల కేంద్రంలోని జూనియర్ కాలేజీని తండాకు కాస్త దగ్గర చేసింది, సమయానికి బస్సు వస్తే.

చిల్లు వేసవిలో పడుతుంది. ఏప్రిల్ నెలాఖరుకు హాస్టళ్లు మూస్తారు. తొలకరికి ముందు వలసపోయిన వాళ్లు ఊళ్లకు చేరతారు, మేస్త్రీ లెక్క చూసిన డబ్బు చేతిలో ఉంటుంది. వైశాఖంలో ముహూర్తాలుంటాయి. ఇంట్లో పిల్ల ఉంటుంది, పెద్దలుంటారు, పైసలుంటాయి. జూన్ 12న బడులు తెరిచినప్పుడు హాస్టల్ వార్డెన్ హాజరు పట్టీ చూడదు, గేటు దగ్గర దిగే రేకు పెట్టెలు చూస్తుంది. తొమ్మిదో తరగతి వరండాలో నిరుడు ముప్పై ఎనిమిది పెట్టెలుంటే ఈసారి ముప్పై నాలుగున్నాయి. ఆ నాలుగు ఎవరివో ఆమెకు పేర్లతో సహా తెలుసు.